రగ్గు ప్రశ్న

సమావేశం అయ్యేదాకా ఊళ్ళోవాళ్ళయినా ఇళ్ళకు వెళ్ళకూడదని అరకులో మాకు బస ఇచ్చిన అతిథిగృహంలో మంచం మీది రగ్గు మడత విప్పగానే ఆ వాసన వచ్చింది. వానాకాలమంతా ఎండ చూడని ఉన్ని, మడతల్లో కలరా ఉండలు, అడుగున ఎక్కడో ఫినాయిలు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఈ ఊళ్ళోనే, ఇక్కడి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ఆసుపత్రిలో, ఇదే వాసన వేసే రగ్గును ఒకప్పుడు ఒక రోగికి కప్పాను. కప్పిన మరుక్షణం నుంచి నేను ఎస్తేరు సిస్టర్ చేతికి చిక్కాను. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. పక్కగదిలోంచి జమున తలుపు తట్టి, "టిఫిన్ చల్లారిపోతంది, బేగి రా. అద్దం ముందు ఎంతసేపు కూకున్నా అదే మొకం కదా," అంది. ఆ గొంతు వింటే నాకిప్పటికీ కడుపులో సన్నగా మండుతుంది. ఎందుకో చెప్పాలంటే ఎస్తేరు సిస్టర్ గురించి చెప్పాలి.

నర్సులకు పరీక్షలంటే బయటివాళ్ళకు కాలేజీ పరీక్షలే తెలుసు. అవి పాసై, ఉద్యోగాల్లో చేరి, కొన్నేళ్ళు వార్డుల్లో నలిగాక రాసే పరీక్ష ఇంకొకటుంది. ప్రాణం మీదికొచ్చిన రోగిని ఈ మనిషి చేతికి వదలవచ్చు అని చెప్పే పరీక్ష అది. ఒకసారి పాసైనంత మాత్రాన అయిపోదు, కొన్నేళ్ళకోసారి ఆ యోగ్యతను నిలబెట్టుకుంటూ ఉండాలి. అందులో ప్రశ్నలు ఆకాశం నుంచి ఊడిపడతాయని నేనూ అనుకునేదాన్ని. అవి ఎస్తేరు సిస్టర్ లాంటివాళ్ళ బుర్రల్లోంచి, నాలాంటివాళ్ళ తప్పుల్లోంచి వస్తాయని ఆవిడ దగ్గర చేరాకే తెలిసింది.

నేనూ జమునా ఆ ఆసుపత్రిలో ఒకేరోజు చేరాం. మా నాన్నది అరకు బజారులో కిరాణా కొట్టు. శృంగవరపుకోట నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళం. జమునది టైడా పైన కొండల్లో ఒక ఊరు. వాళ్ళమ్మ కాఫీ, మిరియాలు పండించేది. మా ఇద్దరికీ పై అధికారి ఎస్తేరు సిస్టర్. పార్వతీపురం మనిషి, పొట్టిగా గట్టిగా ఉండేది. ఆవిడ నడిస్తే వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి చెప్పుల చప్పుడు వినిపించేది. సమావేశాల్లో పుస్తకం తెలుగూ ఇంగ్లీషూ మాట్లాడేది గానీ మాతో మాత్రం పార్వతీపురం మాటే. టీ వేళ ఆవిడకొక అలవాటుంది. గ్లాసు చేత్తో పట్టుకుని నర్సుల గది గుమ్మంలో నిలబడి ఒక రోగి సంగతి చెప్పేది. చెప్పి, "ముందు ఏటి సేత్తావు?" అనేది. జమున టీ ఊదుకుంటూనే జవాబు చెప్పేసేది. సరిగ్గా చెప్పేది, అదే నా ఏడుపు. దానికి సిస్టర్ "ఊఁ" అనేది. అంతకు మించి మెచ్చుకోవడం ఆవిడకు చేతకాదు. ఆ "ఊఁ" నాకొక్కటి పడితే చాలని ఎదురుచూసేదాన్ని.

రోగులు కూడా జమున వైపే తిరిగేవారు, వాళ్ళ భాష ఆమెది కనుక. నేను పలకరిస్తే పెదవి విప్పని ముసలమ్మలు ఆమెకు ఇంటి గుట్లన్నీ చెప్పి, కొంగున కట్టుకొచ్చిన సీతాఫలం చేతిలో పెట్టేవారు. ఇంటికొచ్చి మా అమ్మ దగ్గర గోల పెట్టేదాన్ని. "దాని మొకాన ఏటుందే, నీ మొకాన లేనిది?" అనేది అమ్మ. "ఊఁ ఉంది," అనేదాన్ని. అమ్మకు అర్థమయ్యేది కాదు.

అప్పుడు వానలు. కాన్పులో రక్తం బాగా పోయిన ఒక అమ్మాయికి నా వార్డులో రక్తం ఎక్కిస్తున్నారు. మొదలుపెట్టిన కాసేపటికే ఆమె వణకసాగింది. మా కొండల్లో వానాకాలం వణికే మనిషిని చూస్తే ఎవరికైనా మొదట తోచేది చలిజ్వరమే. మలేరియా మా వార్డుకు చుట్టంలా వచ్చిపోతూండేది. నేను పరుగున వెళ్ళి బీరువాలోంచి రగ్గు తెచ్చి, మెడదాకా కప్పి, కాళ్ళ కింద దోపి, థర్మామీటర్ కోసం తిరిగాను. నా చురుకుదనానికి నేనే మురిసిపోతున్నాను. ఈలోగా చెప్పుల చప్పుడు దగ్గరకొచ్చింది. ఎస్తేరు సిస్టర్ నా భుజం మీదుగా చెయ్యి చాపి రక్తం గొట్టానికున్న బిగింపు మూసేసింది.

"ముందు రక్తం ఆపు. తరవాత ఏటైనా సెయ్యి," అంది. గొంతు పెంచలేదు.

ఆ రక్తం ఆమెకు పడలేదు. పడని రక్తం లోపలికి పోతున్నంతసేపూ ప్రాణానికి ముప్పే. సిస్టర్ గొట్టం మార్పించి సెలైన్ పెట్టించింది, డాక్టరును పిలిచింది, సంచి మీది పేరూ గ్రూపూ మళ్ళీ చదివించి దాన్ని పరీక్షకు పంపించింది. ఆ అమ్మాయి కోలుకుని బిడ్డనెత్తుకుని నడిచే ఇంటికి వెళ్ళింది. సాయంత్రం నన్ను పిలిస్తే ఉద్యోగం ఊడిందనే అనుకుంటూ వెళ్ళాను.

"ఏటే, రగ్గెందుకు కప్పీసినావు?"

"చలిజ్వరం అనుకున్నాను సిస్టర్."

"రక్తం ఎక్కతన్నాది, కనబళ్ళేదేటి?"

"కనబడింది. అయినా వణుకు చూడగానే మలేరియాయే గుర్తొచ్చింది."

ఆవిడ కోప్పడలేదు. బజారులో మంచి సరుకు దొరికిన మనిషిలా ముందుకు వంగింది. "విశాపట్నం నర్సు గుంటలు ఈ తప్పు సెయ్యరే. ఆల్లకి మలేరియా పుస్తకంలో ఉంటాది. ఇది మన కొండోల్ల తప్పు. మంచి తప్పు. నాకిచ్చీ," అంది.

తప్పు ఇవ్వడమేమిటో నాకు తెలియలేదు. అప్పుడు చెప్పింది. "సరైన జవాబు రాయడానికి ఏటుందే, పుస్తకముంటే ఎవలైనా రాసీగలరు. తప్పు జవాబులు రాయడమే పని. ఒట్టి తెలివితక్కువ తప్పులు పెడితే సదవనోడు కూడా వాటిని వదిలీసి మిగిలింది ఎట్టీసుకుంటాడు. పని తెలిసిన మనిసి, రోగి మీద జాలున్న మనిసి, కంగార్లో సేసే తప్పు అయ్యుండాల." అలా మా వార్డులో జరిగింది ఒక ప్రశ్నయింది. రక్తం ఎక్కుతున్న రోగి వణుకుతోంది, మొదట ఏం చేస్తారు? జవాబుల్లో ఒకటి, రగ్గు కప్పి జ్వరం చూడడం. ఆ ప్రశ్నను ఇప్పుడు పరీక్షలోంచి తీసేశారు కాబట్టి ఇలా బయటికి చెప్పగలుగుతున్నాను. మొత్తానికి జమున సరైన జవాబులకు, నేను తప్పు జవాబులకు ఆవిడకు పనికొచ్చాం. ఇది నాకు మర్యాదగా తోచలేదు.

కొన్నాళ్ళకు, తానున్న ప్రశ్నలు రాసే బృందంలోకి చిన్న వయసు నర్సును ఒకర్ని తీసుకురమ్మని సిస్టర్ కు కబురొచ్చింది. జమునను తీసుకుపోయింది. ఇద్దరూ విశాఖపట్నం వెళ్ళి వారం చివర తిరిగొచ్చారు. నేను ఉండబట్టలేక, "అక్కడేటి చేశారు?" అని అడిగాను.

"చెప్పకూడదమ్మా. సంతకం పెట్టించుకున్నారు," అంది జమున, వేళ్ళతో పెదవులు మూసుకుని.

నిజమే, ప్రశ్నల రహస్యం కాపాడతామని అందరి చేతా రాయించుకుంటారు. గదిలోకి వెళ్ళేముందు ఫోన్లు కూడా తీసేసుకుంటారు. కానీ ఆ సంగతి నాకు తెలియకపోవడం కన్నా వాళ్ళిద్దరికీ తెలిసి ఉండడం నన్ను దహించింది. టీ వేళ సిస్టర్ ఏదో అనడం, జమున నవ్వడం, నేను లోపలికి రాగానే ఇద్దరూ మాట మార్చడం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు ట్రేలూ బేసిన్లూ విసిరి పెట్టేదాన్ని. "ఇనుప సామాన్లకి పానం లేదని అలాగ కొట్టీకే," అనేది సిస్టర్, తలెత్తకుండానే.

నా వంతు వచ్చింది, అదీ జమున అక్క పెళ్ళి ధర్మమా అని. ప్రశ్నలు రాయడానికి ముందు, నర్సులు ఈనాడు నిజంగా ఏ పనులు చేస్తున్నారో తెలుసుకోవాలి. ఏ పని ఎంత తరచుగా చేస్తారు, అది తప్పితే రోగికి ఎంత హాని అని ఊరూరా అడిగి, దాన్ని బట్టి ఏ విషయం నుంచి ఎన్ని ప్రశ్నలుండాలో నిర్ణయిస్తారు. కొన్నేళ్ళకోసారి మళ్ళీ అడగాలి, పనులు మారిపోతాయి కనుక. కాగితాలు టపాలో పంపేస్తే సరిపోయేది. సిస్టర్ ఊరుకోదు. "ఏజెన్సీ నర్సులు కాయితం నింపి పంపరు, ఆల్లకి తీరిక ఏదీ? మనవే ఎల్లాల," అంది. జమున సెలవులో ఉంది కాబట్టి నన్ను బస్సెక్కించుకుని కొయ్యూరు దాకా తీసుకువెళ్ళింది. దారంతా కిటికీ పక్క సీటు నాకే ఇచ్చింది. జమునకు కూడా ఇచ్చేదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

కొయ్యూరులో ఒక నర్సు అన్ని పనుల ఎదుటా 'తరచుగా' అనే గడిలోనే టిక్కులు కొట్టి కాగితం చేతికిచ్చింది. సిస్టర్ అది చూసి, "అమ్మా, గొంతులో గొట్టం ఏసిన రోగి మీ కాడ ఉంటాడేటి?" అని అడిగింది.

"ఎక్కడండీ, మిషనే లేదు. అలాంటోల్లని కిందికి పంపించీడమే," అంది ఆమె.

"మరి తరచుగా అని ఎట్టినావు?"

"లేదంటే మమ్మల్ని తక్కువ నర్సులనుకుంటారని."

సిస్టర్ ఆమె పక్కన బల్ల మీద కూర్చుంది. కిందికి పంపించేముందు ఏం చేస్తావు, దారిలో ఏమవుతుంది, బండిలో ఎవరుంటారు అని ఒక్కొక్కటే అడిగింది. రోగిని దూరం పంపడం అనే పని ఆ కాగితంలో ఎక్కడా లేదు. తిరిగొచ్చాక పోట్లాడి దాన్ని చేర్పించింది. బస్సులో వస్తూ, "తక్కువ అనుకుంటారని భయపడ్డోల్ల కాడే అసలు సంగతి ఉంటాది," అంది. ఆ మాట కొయ్యూరు నర్సు గురించి అన్నదనే అనుకున్నాను.

ఆ తరువాత నన్నూ బృందంలో చేర్చుకున్నారు. సంతకం పెట్టి ఫోను ట్రేలో వేసిన రోజు మా నాన్న కొట్లో అందరికీ బెల్లం పంచాలనిపించింది. కానీ ఎందుకో చెప్పకూడదాయె. లోపల సంగతి వేరు. నా మొదటి ప్రశ్నలన్నీ కొట్టేశారు. ఒకదానిలో సరైన జవాబు మిగిలిన వాటికన్నా పొడుగ్గా ఉంది, చదవకుండానే అదేనని తెలిసిపోతుంది. ఒకదానిలో 'పైవన్నీ' అని రాశాను. ఇంకొకదానికి రెండు జవాబులూ సరైనవే. జమునవి మాత్రం నిలిచాయి. ముఖ్యంగా డోలీ ప్రశ్న. రోడ్డు లేని ఊళ్ళ నుంచి నిండు గర్భిణిని డోలీలో మోసుకొస్తారు. గుడ్డలో వెల్లకిలా ముడుచుకుని పడుకోవడం వల్ల కడుపు బరువు వెనక రక్తనాళాన్ని నొక్కి, ఆమెకు కళ్ళు తిరుగుతాయి. మొదట ఎడమ పక్కకు తిప్పాలి, ఆ తరువాతే మిగతావన్నీ. ఆ ప్రశ్న విని గదిలో ఒక పెద్దావిడ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, చేతులు కలిశాయో లేదో తెలియకుండా.

కొత్త ప్రశ్నను వెంటనే మార్కుల్లోకి తీసుకోరు. అసలు ప్రశ్నల మధ్య కలిపేస్తారు, రాసేవాళ్ళకు ఏది ఏదో తెలియదు. ఎవరు సరిగ్గా రాశారో లెక్క తీస్తారు. మంచి ప్రశ్నయితే, మొత్తం పరీక్ష బాగా రాసినవాళ్ళు దాన్ని కూడా బాగా రాయాలి. డోలీ ప్రశ్న తిరగబడింది. మంచి మార్కులొచ్చినవాళ్ళు చాలామంది ముందు బీపీ చూస్తామన్నారు. పాపం, వాళ్ళు డోలీ ఎప్పుడూ చూడలేదు. ఎస్తేరు సిస్టర్ తానే దాని మీద అడ్డంగా గీత కొట్టింది. నాకు ఆ రోజు టీ ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

"మా ఊరి సంగతి వచ్చీసరికి తీసీసినారు," అంది జమున. కళ్ళలో నీళ్ళున్నాయి.

"డోలీ తెలిసినోల్లకి అది పశ్నే కాదు. తెలీనోల్లకి అది పరీచ్చే కాదు. ఊరు తియ్యలేదే, ఆ మనిసి ఎలాగ పడుకుందో మాటల్లో రాయి. అప్పుడు నిలబడతాది," అంది సిస్టర్.

జమున తిరిగి రాసింది. నిలబడింది. నా టీ మళ్ళీ మామూలు టీ అయింది. అప్పుడే ఎవరో అడిగారు, రగ్గు ప్రశ్న కూడా కొండ ప్రాంతపు నర్సులే ఎక్కువగా తప్పుతున్నారు, దాన్ని కూడా తీసెయ్యవద్దా అని. సిస్టర్ ఒప్పుకోలేదు. అక్కడ డోలీ తెలియక తప్పారు, ఇక్కడ మలేరియా బాగా తెలిసి తప్పుతున్నారు, ఆ తెలియడమే రోగిని చంపుతుంది కాబట్టి ఇది ఉండవలసిందేనని చెప్పింది.

ఇక పాసు గీత సంగతి. ఎన్ని మార్కులొస్తే పాసు అనేది ఎవరో తోచినట్టు ఒక అంకె పెట్టేది కాదు. దానికి ప్రత్యేకంగా రెండు రోజులు కూర్చోబెడతారు. ఆ సమావేశం నడిపే పెద్దాయన మాకు చెప్పిందిది. గొప్ప నర్సును తలుచుకోవద్దు. పనికిరాని నర్సును తలుచుకోవద్దు. గీత మీద సరిగ్గా నిలబడిన మనిషిని, ఇంతకన్నా తగ్గితే రోగిని అప్పగించలేం అనిపించే మనిషిని మనసులో పెట్టుకోండి. అలాంటివాళ్ళు వందమంది ఈ ప్రశ్న రాస్తే ఎంతమంది సరిగ్గా రాస్తారో అంకె వెయ్యండి. రగ్గు ప్రశ్నకు అందరం ఎనభైకి అటూ ఇటూ వేశాం. ఎస్తేరు సిస్టర్ నలభై వేసింది.

ఎందుకంత తక్కువ అని పెద్దాయన అడిగాడు. సిస్టర్ పుస్తకం తెలుగులో జవాబు చెప్పింది. "నేను తలుచుకుంటున్న అమ్మాయి మంచి నర్సే. కానీ ఈ ప్రశ్న దగ్గర తడబడుతుంది. నేను కళ్ళారా చూశాను."

ఆవిడ నావైపు చూడలేదు. జమున చూసింది. చూసి, గబుక్కున తల వంచేసుకుంది. నవ్వి ఉంటే బాగుండేది. ఆ తల వంచుకోవడం నన్ను నిలువునా కోసేసింది. ఆ రెండు రోజులూ ఆవిడ వేసిన ప్రతి అంకె నా మీద వేసిందే. తొంభై వేస్తే పిచ్చిదానిలా సంతోషపడ్డాను, యాభై వేస్తే ఒళ్ళు మండింది. రాష్ట్రంలో ఎంతమంది నర్సులు పాసవుతారో, ఎంతమంది ఇంటికి పోతారో తేల్చే గీత నా నడుము చుట్టూ గీస్తోంది ఆవిడ. దీన్ని ఏ పేరు పెట్టి పిలవాలో ఇప్పటికీ తెలియదు.

తిరుగు ప్రయాణం కిరండూల్ పాసింజరులో. శృంగవరపుకోట దాటి రైలు కొండెక్కడం మొదలుపెట్టాక జమున తలుపు దగ్గర గాలికి నిలబడింది. నేను అడిగేశాను.

"ఆ అమ్మాయి నేనేనా సిస్టర్?"

"మరెవలు?"

"జమునని తలుచుకోవచ్చు కదా."

"జమునని తలుసుకుంటే గీత కొండెక్కీసి కూకుంటాది. సగమంది గుంటలు ఫెయిలయిపోతారు. గీతెక్కడో తెలవాలంటే దాని మీద నిలబడ్డ మనిసి గావాల."

"అంటే నేను బొటాబొటీ నర్సునన్నమాట."

సొరంగం వచ్చింది. చీకట్లో ఆవిడ ఏదైనా అంటుందని, కాదంటుందని సొరంగం పొడవునా ఎదురుచూశాను. వెలుతురులోకి వచ్చేసరికి ఆవిడ ఒళ్ళో జామకాయలు కోస్తోంది. "గీతకి ఇవతలే ఉన్నావు కదే. ఏడుపెందుకు?" అని ఒక ముక్క నాకిచ్చింది. తినలేదు. జమున వచ్చి తినేసింది.

అంతకన్నా పెద్ద శిక్ష ఇంకొకటి. ప్రశ్నలు రాసినవాళ్ళు కొన్నేళ్ళు ఆ పరీక్ష రాయకూడదు. అంటే గీతకు నేనెంత ఎగువనున్నానో కాగితం మీద చూపించే దారి కూడా లేదు. చూపించవలసింది ఆవిడ ఒక్కర్తికే, ఆవిడేమో అంకె వేసేసి మరచిపోయింది. కోపం కొద్దీ చదివాను, పోటీ కొద్దీ పనిచేశాను. నా వార్డులో రక్తం సంచి వేలాడుతూంటే మంచం దగ్గర నుంచి కదిలేదాన్ని కాదు. రోగుల కోసమని అందరూ మెచ్చుకున్నారు. నిజానికి అది ఎక్కువ వంతు జమునను మించడం కోసం.

ఏళ్ళు గడిచాయి. జమున విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రికి నర్సింగ్ సూపరింటెండెంటు అయింది, అక్కడికే మకాం మార్చింది. నేను అరకులోనే ఉన్నాను. రగ్గు ప్రశ్న ఎన్నో పరీక్షల్లో పనిచేసింది. ఒకసారి లెక్కలు చూస్తే అంతవరకూ ఎందరో తప్పిన ప్రశ్నను ఉన్నట్టుండి అందరూ సరిగ్గా రాసేస్తున్నారు. ఏదో కోచింగ్ సెంటరుకు అందిపోయి ఉంటుంది. అలాంటి ప్రశ్న ఇక ఎవరినీ కొలవదు, తీసేస్తారు. తీసేశారు. సిస్టర్ పదవీ విరమణ చేసిందీ ఆ రోజుల్లోనే. "నీ రగ్గు అరిగిపోనాదే," అంది నాతో ఫోనులో. ఇంకేం మాట్లాడుతుందోనని ఆగాను. వంకాయల ధర గురించి మాట్లాడింది.

ఆ తరువాత ఆవిడకు ఆపరేషను అవసరమైంది. జమున తన ఆసుపత్రిలోనే గది ఇప్పించి, మంచి డాక్టర్లను పెట్టి, అన్నీ తానై చూసింది. నేను బస్సు దిగి సంచీతో గుమ్మంలో నిలబడేసరికి ఆవిడ మంచం పక్క కుర్చీలో జమున దర్జాగా కూర్చుని ఉంది. అయిదు నిమిషాలు పలకరించి వెళ్ళిపోదామనుకున్నాను. రక్తం తక్కువగా ఉందని ఆ మధ్యాహ్నం ఎక్కించబోతున్నారు. సిస్టర్ జమున చెయ్యి తట్టి, "నువ్వెల్లి నీ పని సూసుకో. ఇది ఉంటాది," అంది.

"నేనుంటాను సిస్టర్, నాకేం పని లేదు," అంది జమున.

"నువ్వెల్లవే. దీన్ని ఉండనీ."

జమున లేచింది. ఆ కుర్చీ ఇంకా వెచ్చగా ఉండగానే నేను కూర్చున్నాను. రక్తం ఎక్కించడం మొదలైంది. రక్తం తెచ్చిన నర్సుతో కలిసి సంచి మీది పేరు మళ్ళీ చదివాను. చుక్కలు చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి సిస్టర్ కళ్ళు తెరిచి, "సలేత్తన్నాదే," అంది.

మాట పూర్తికాకముందే నా చెయ్యి బిగింపు మూసేసింది. గంట నొక్కాను. నాడీ, బీపీ, జ్వరం అన్నీ చూశాను. నర్సు గొట్టం మార్చి సెలైన్ పెట్టింది. డాక్టరు వచ్చాడు. ఎక్కడా ఏ తేడా లేదు. తల పైన ఏసీ గాలి సూటిగా ఆవిడ మీదికే కొడుతోంది, అంతే. దాన్ని ఆపించి, కాసేపు కనిపెట్టి చూసి, డాక్టరు మళ్ళీ రక్తం పెట్టించాడు. ఏసీకి ఇంత హడావిడా అన్నట్టు నావైపొక చూపు చూసి వెళ్ళిపోయాడు. సిస్టర్ ఆ చూపును లక్ష్యపెట్టలేదు. ఆవిడ నా చేతినే చూస్తోంది.

"తొంబై," అంది.

"ఏమిటి సిస్టర్?"

"ఆ పశ్నకి. ఇప్పుడైతే నీకు తొంబై ఎట్టీదాన్ని."

నా బుద్ధి ఎక్కడికి పోతుంది. "వంద కాదా?" అన్నాను.

"వంద ఎవలికీ ఎయ్యకూడదే. జమునకి కూడా," అంది. కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి, "అలాగ సూత్తావేటి. ఇప్పుడు కప్పు రగ్గు," అంది.

కప్పాను. మెడదాకా లాగి, కాళ్ళ కింద దోపాను. ఆవిడ ఆ తరువాత ఎక్కువ కాలం బతకలేదు.

ఈ రోజు అరకులో మా సమావేశం మళ్ళీ ఆ గీత గురించే. కొత్త పరీక్ష, కొత్త ప్రశ్నలు, బల్ల చుట్టూ సగం కొత్త ముఖాలు. గీత మీది మనిషిని తలుచుకోండి అని పెద్దాయన స్థానంలో వచ్చిన ఆయన చెబుతున్నాడు. పక్క కుర్చీలో జమున పెన్సిలు నములుతూ నా చెవి దగ్గరకు వంగింది.

"ఆ రెండు రోజులూ పతీ పశ్నకీ నిన్నే తలుసుకుంది ఆవిడ. నన్ను ఒక్కసారీ తలుసుకోలేదు. నాకెంత కడుపు మండిందో తెలుసా నీకు?" అంది.

ఇంత వయసు వచ్చాక ఆ మాటకు నా మనసు కరగాలి, ఆమె చెయ్యి పట్టుకోవాలి. నిజం చెప్పాలంటే నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. ఆ రోజు గదిలో తల వంచుకున్నది నా మీద జాలితో కాదన్నమాట. చింత చచ్చినా పులుపు చావదంటారు, అది నన్ను చూసే పుట్టించి ఉంటారు. మొదటి ప్రశ్న చదివాను. మా వార్డులో ఈ మధ్య చేరిన ఒక అమ్మాయి కళ్ళ ముందుకు వచ్చింది. చురుకైనదే, కంగారు మనిషి. నాకు తనంటే పడదని నర్సుల గదిలో చెప్పుకుంటుందట. ఆమె చేతులు ఎక్కడ వణుకుతాయో, ఎక్కడ వణకవో నాకు తెలుసు. ప్రశ్న వెనక ప్రశ్న, ఆమెనే చూస్తూ అంకెలు వేశాను. ఆమె దగ్గర తప్ప ఇంకెక్కడా గీత లేదు.

మధ్యలో టీ ఇచ్చినప్పుడు జమున గ్లాసు ఊదుకుంటూ, "ఎవల్ని తలుసుకున్నావే?" అని అడిగింది.

"చెప్పకూడదమ్మా. సంతకం పెట్టాం కదా," అన్నాను.